బాయి గారు మరణించారు

మా ఇంట్లో కంప్యూటర్‌ను మార్చాలా వద్దా అన్న మాట మొదలయ్యేనాటికి నా భార్య పోయి ఏడు నెలలైంది. మార్చడమంటే కొత్తది కొనడం కాదు. ఉన్న డబ్బాలోనే విండోస్ 98 తీసేసి ఎక్స్‌పీ వేయించడం. చాలా ఇళ్లలో ఇది ఒక పూట పని. మా ఇంట్లో రెండు నెలలు నలిగింది. ఆ రెండు నెలల కోపం నాలో ఇంకా చల్లారలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

అప్పుడు మేము పోతిరెడ్డిపల్లిలో కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. నేను పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీ స్టోర్స్‌లో క్లర్కును. పొద్దున కంపెనీ బస్సు ఎక్కితే సాయంత్రం దిగేవాణ్ని. మా అమ్మాయి ఎంసీఏ మొదటి సంవత్సరంలో ఉంది. కాలేజీలో నేర్పేవన్నీ ఎక్స్‌పీ మీద నడిచేవి, ఇంట్లో 98 పెట్టుకొని నేనేం చేయాలి అని అడిగేది. న్యాయమైన మాటే.

కంప్యూటర్ నా భార్యది. ఆమె ఒక ప్రైవేటు బడి ఆఫీసులో టైపిస్టు. పెళ్లికి ముందే సంగారెడ్డిలో తెలుగు టైపు లోయర్ పరీక్ష పాసయింది. బడివాళ్లు కొత్త కంప్యూటర్లు తెచ్చుకున్నప్పుడు పాతదాన్ని, దాంతోపాటు సూదులతో అచ్చు కొట్టే ప్రింటర్‌ను ఆమెకు ఇచ్చేశారు. అందులో ఒక తెలుగు సాఫ్ట్‌వేర్ ఉండేది. డబ్బా వెనక ప్రింటర్ వైరు గుచ్చేచోట అగ్గిపెట్టెంత ప్లాస్టిక్ ముక్క ఒకటి బిగించి ఉండేది. దాన్ని లాక్ అనేవాళ్లు. అది ఉంటేనే సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటుంది. ఆమె బడి ప్రశ్నపత్రాలన్నీ అందులోనే చేసేది.

ప్రశ్నపత్రాల తర్వాత ఆమె మొదలుపెట్టిన పని బాయిల గురించి.

ఆమె పుట్టిన ఊరు పటాన్‌చెరుకు ఆవల, లక్డారం వైపు. ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఫ్యాక్టరీల మురుగు దిగి బాయిల నీళ్లు రంగు మారి, వాసన పట్టిన సంగతి ఆ రోజుల్లో ఎవరికీ కొత్త కాదు. కొత్త కాకపోవడమే ఆమెకు మింగుడుపడలేదు. ఆదివారాలు బస్సెక్కి, ఆటో మారి ఊరికి పోయేది. ఒక్కో ఇంటి ముందు కూర్చొని, మీ బాయి ఎట్లుండేది, ఇప్పుడెట్లుంది అని అడిగేది. వాళ్లు చెప్పింది పొడుగు నోటుబుక్కులో రాసుకొని, ఇంటికొచ్చి టైపు చేసేది. ఒక్కో ఇంటికి ఒక్కో ఫైలు. మరుసటి ఆదివారం ఆ కాగితం తీసుకుపోయి వాళ్లకే చదివి వినిపించేది. అవును, నేను చెప్పింది ఇదే అంటేనే ఉంచేది. మా వైపు కాగితం మీద వేలిముద్ర వేయించుకునే పద్ధతి అది. ముందు చదివి వినిపించాలి, విన్నవాళ్లు ఒప్పుకోవాలి, తర్వాతే ముద్ర. ఆఫీసుల్లో చదివి వినిపించితిమి అన్న ముక్క కాగితం చివర అచ్చేసి ఉంటుంది, ఎవరూ చదవరు. ఆమె చదివేది.

ప్రతి ఫైలు చివర ఐదారు వరుసలు ఖాళీ వదిలేది. ఎందుకని అడిగితే, "వచ్చే ఎండకాలం మళ్ల అడుగుత. బాయి ఇట్లనే ఉంటదా?" అంది. అట్లా మూడు ఎండాకాలాలు రాసింది. నలభై ఏడు ఇళ్లు.

ఒకసారి ఆమె కాగితాలు చూసి నేను ఎర్ర పెన్నుతో దిద్దాను. బాయి అన్నచోటల్లా బావి అని రాశాను. నాకు పుస్తకాలు చదివే అలవాటు ఉంది. ఆ అలవాటు ఉన్నవాళ్లకు పక్కవాళ్ల రాత దిద్దే హక్కు ఎక్కణ్నించో వచ్చేస్తుంది. ఆమె ఆ కాగితం చూసి, కోపం లేకుండానే అంది.

"బావి మీ పుస్తకాలల్ల ఉంటది. నాకు చెప్పినామెకున్నది బాయి. నేను బావి అని రాస్తే ఆమె ఎవల బాయి సంగతి చెప్పినట్టు?"

నేను పెన్ను మూసేశాను. ఇంకొకటి కూడా చెప్పాలి. ఆ కాగితాల మీద సేకరించినవాళ్ల పేరు రాయకు, నాది ఫ్యాక్టరీ ఉద్యోగం అని ఆమెను అడిగాను. ఆమె రాయలేదు. ఆ విషయం మళ్లీ ఎత్తలేదు కూడా.

తర్వాత జబ్బు చేసి పోయింది. జబ్బు పేరు రాయను. రాస్తే చదివేవాళ్లు వెంటనే, నీళ్ల వల్లనా అని అడుగుతారు. నాకు తెలియదు. తెలియనిది రాస్తే ఆమె ఒప్పుకోదు.

మా అమ్మాయి ఎవరినో అడిగి సంగారెడ్డి బస్టాండు దగ్గరి షాపు నుంచి కంప్యూటర్ మెకానిక్‌ను పిలిపించింది. ముప్పై ఏళ్ల మనిషి, చొక్కా జేబులో పెన్నుకు బదులు రెండు స్క్రూడ్రైవర్లు. తెర వెలగగానే నవ్వాడు.

"ఇంక 98 మీదనే ఉన్నరా సార్? దీన్ని తీస్కపోయి మ్యూజియంల పెట్టాలె."

"దీంట్ల తెలుగు ఫైళ్లున్నయ్" అన్నాను.

"ఎన్నన్న ఉండనియ్. అన్ని డీ డ్రైవ్‌ల ఏస్త. సీ డ్రైవ్ ఫార్మాట్ కొడత, ఎక్స్‌పీ ఎక్కిస్త. డేటా ఏడికి పోదు, నా జిమ్మెదారి."

"పోదు సరే. తెరుచుకుంటదా?"

"ఎందుకు తెరుచుకోదు సార్? ఫైలంటె ఫైలే గద."

నాకు కంప్యూటర్ తెలియదు, కానీ స్టోర్స్‌లో ఇరవై ఏళ్లు పనిచేశాను. సరుకు ఉందనడానికీ, సరుకు చేతికి అందుతుందనడానికీ తేడా తెలుసు. ఒక ఫైలును ఫ్లాపీలో వేయించుకొని, మర్నాడు అతని షాపుకే పోయాను. అతని ఎక్స్‌పీ మీద తెరవమన్నాను. తెరిచాడు. తెర నిండా ఇంగ్లీషు అక్షరాలు, వాటి మధ్య బ్రాకెట్లు, నెత్తిన చుక్కలున్న ఏవో అక్షరాలు. ఒక్క వరుస కూడా చదవడానికి రాలేదు.

"అయ్యో, ఇది వైరస్ సార్. జల్దీ ఫ్లాపీ తీసెయ్‌రి, నా సిస్టంకు అంటుకుంటది."

"వైరస్ కాదు. తెలుగు."

"ఏడున్నది సార్ తెలుగు?"

అతను నిజంగానే అడిగాడు. జవాబు నేను తర్వాత తెలుసుకున్నాను. ఆ సాఫ్ట్‌వేర్‌లో మేము చూసింది తెలుగు, లోపల దాచింది ఇంగ్లీషు అక్షరాలు. ఒక్కో ఇంగ్లీషు అక్షరం మీద ఒక్కో తెలుగు బొమ్మ అతికించి మనకు చూపించారు. బొమ్మలున్న పెట్టెకు లాక్ పెట్టారు. లాక్‌ను 98 గుర్తుపడుతుంది, ఎక్స్‌పీ గుర్తుపట్టదు. గుర్తుపట్టకపోతే కింద ఉన్న చెత్త పైకి వస్తుంది. ఇంకో కంపెనీ సాఫ్ట్‌వేర్ కొంటే దాని బొమ్మలు వేరు, దాని వరుస వేరు. ఇంతమంది మాట్లాడి, రాసి, కొట్లాడుకునే భాషకు కంప్యూటర్‌లో సొంత ఇల్లు లేదు. తలా ఒక కిరాయి గదిలో పెట్టి, తలా ఒక తాళం వేసుకున్నారు.

హైదరాబాదులో ఆ సాఫ్ట్‌వేర్ అమ్మినాయనకు ఫోన్ చేశాను. కొత్త వెర్షన్ వచ్చింది, ఎక్స్‌పీ మీద బ్రహ్మాండంగా నడుస్తుంది అన్నాడు. అందులో పాత ఫైళ్లు తెరుచుకుంటాయా అని అడిగాను. తెరుచుకోవు అన్నాడు. ఎందుకు తెరుచుకోవు, మీరే కదా రెండూ చేసింది అన్నాను.

"పాతవాటితో మీకింకేం పనండీ? పెళ్లికార్డు ఒకసారి అచ్చయ్యాక మళ్లీ ఎవరు చూస్తారు?"

తెలుగులో టైపు చేసేవాళ్లు పెళ్లికార్డులు తప్ప ఇంకేమీ రాయరని అతని లెక్క. అతని మీద అరవాల్సింది. నాకు అరవడం రాదు. ఫోన్ పెట్టేశాను.

ఇంట్లో చెప్పాను, ఎక్స్‌పీ వద్దు అని. మా అమ్మాయి అప్పటిదాకా ఓపిక పట్టింది.

"అమ్మ పోయింది డాడీ. కంప్యూటర్ ముట్టుకోకుండ పెడితె అమ్మ రాదు."

"అమ్మ రాదు. అమ్మ రాసింది పోతది."

"పోకుంట ప్రింట్ తీస్కో. నలభై ఏడు కాగితాలు. ఫైల్ల పెట్టి బీరువాల దాచుకో."

"ప్రింట్ తీస్తె అది అయిపోయినట్టు. అమ్మ అయిపోగొట్టలే. కింద జాగ ఇడిచింది, ఏటేట రాయాలె అని."

"ఎవరు రాస్తరు? నువ్వు రాస్తవా?" అంది. ఈ ఏడు నెలల్లో నేను ఆమె ఫైలు ఒక్కటి కూడా తెరవలేదని అమ్మాయికి తెలుసు. నా ముఖం చూసి ఆమె మెత్తబడింది. "ఒక పని చెయ్. ప్రింట్లు నేను తీసిస్త. వాటిని డీటీపీ సెంటర్‌ల ఇచ్చి కొత్త సాఫ్ట్‌వేర్‌ల మళ్ల టైపు చేయించు. అవి ఎక్స్‌పీల గూడ తెరుచుకుంటయ్, కింద జాగల ఎన్నన్న రాసుకోవచ్చు. అప్పుడన్న ఫార్మాట్ చేయనిస్తవా?"

తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఒప్పుకున్నాను. అదే వారం నా భార్య ఊళ్లో దండోరా వేశారు. నీళ్ల విషయంలో జనం చెప్పేది వినడానికి వచ్చే నెల అధికారులు వస్తున్నారని, చెప్పదలచుకున్నవాళ్లు రాతపూర్వకంగా, సంతకమో వేలిముద్రో వేసి ఇవ్వాలని. మా అత్తమ్మ, అంటే నా భార్య తల్లి, పక్కింటివాళ్ల ఫోన్ నుంచి నాకు చెప్పింది. "అల్లుడా, నా బిడ్డ రాసినయ్ ఉన్నయ్ గద. అవే తే. మల్ల మల్ల ఏం చెప్తం మేము."

అట్లా రెండు పనులూ ఒకటయ్యాయి. కొత్తగా టైపు చేయించిన కాగితాలు ఊళ్లో చదివి వినిపించి ముద్రలు వేయించాలి. ఆ తర్వాత కంప్యూటర్‌ను మెకానిక్‌కు అప్పగించాలి.

డీటీపీ సెంటర్ ఆయనది కూడా ఆ చుట్టుపక్కల ఊరే. గోడల నిండా పెళ్లికార్డుల నమూనాలు. కట్ట చేతిలో పెట్టగానే, "ఫికర్ చేయకుండ్రి సార్, మంచిగ చేసిస్త" అన్నాడు. పది రోజుల్లో చేసిచ్చాడు. నల్లటి లేజర్ అచ్చు, అంచులు సమంగా, ప్రతి కాగితం నిండుగా. నేను చదవలేదు. చదివి ఉండాల్సింది. ఆమె వాక్యాలు చూసే ధైర్యం రాలేదు, అంతే.

ఆదివారం అమ్మాయీ నేనూ ఊరికి పోయాం. అత్తమ్మ ఇంటి అరుగు మీద పదిమంది చేరారు. అమ్మాయి మొదట అమ్మమ్మ కాగితం తీసి చదవడం మొదలుపెట్టింది.

"అయ్యా, తమ దివ్య సముఖమునకు సవినయముగా విన్నవించుకొనునది ఏమనగా, మా బాయి గారు మరణించి మూడు సంవత్సరములు గడిచినవి."

అత్తమ్మ చెవి ముందుకు పెట్టింది. "ఎవలు సచ్చిండ్రే?"

"బాయి గారంట అమ్మమ్మా."

"ఏ బాయి? తండల ఉంటుండె, ఆ బాయా? ఆమె సచ్చిందా?"

ఆ పక్కన తండాలో ఆడవాళ్ల పేర్ల చివర బాయి ఉండటం మామూలే. పక్కింటి ముసలాయన ఒకాయన, అత్తమ్మకు వరసకు అన్న, గోడకు ఆనుకొని వింటున్నాడు. ఆయన అందుకున్నాడు.

"మీ ఇంట్ల బాయి గారని ఎవలున్నరే చెల్లె? సచ్చి మూడేండ్లాయెనంట, దినాలు ఎప్పుడు జేసిండ్రు? పక్కపొంటి ఉన్నోన్ని, ఒక్క ముద్దకన్న పిలువకపోతివి."

అరుగంతా నవ్వింది. అమ్మాయి కూడా నవ్వింది. నేను ఆమె చేతిలోంచి కాగితం తీసుకొని చూశాను. అట్లాగే ఉంది. తర్వాతి కాగితం తీశాను. "మా బాయి గారి ఆరోగ్యము క్షీణించినది." ఇంకొకటి. "మా బాయి గారి వద్దకు పశువులు పోవుట మానివేసినవి." నలభై ఏడు ఇళ్లలోనూ బాయి గారే. ఎక్కడో ఒకచోట ఆమెకు శ్రీమతి అని కూడా తగిలించాడు.

అత్తమ్మ నవ్వలేదు. "నా బిడ్డ రాసింది గిట్లనా?" అని అడిగింది.

"కాదత్తమ్మా."

"మరి గిదేంది? చదువు, ఇంక చదువు."

అమ్మాయి చివరి వరుస చదివింది. "మా దీనావస్థను దయతో ఆలకించవలసినదిగా కన్నీటితో వేడుకొనుచున్నాము."

"నేనేడ ఏడ్సిన?" అత్తమ్మ గొంతు పెరిగింది. "నా బిడ్డ అడిగితె నేను ఏడ్సిన్నా? తిట్టిన. నీళ్లు గిట్ల జేసినోళ్లను నోటికొచ్చినట్టు తిట్టిన. నా బిడ్డ నవ్వుకుంట అన్ని రాసుకున్నది. ఆ తిట్లన్ని ఏడ వాయె?"

ఆమె కాగితం వైపు చెయ్యి ఊపింది.

"మరణించిండ్రంట. నా బిడ్డ పోయినప్పుడు గూడ ఎవ్వలు నాతోని గట్ల మాట్లాడలే. పోయిందమ్మా అన్నరు. తీస్కపో అల్లుడా. దీని మీద నేను ముద్ర ఎయ్య."

మిగతావాళ్లూ వేయలేదు. చదివి వినిపించాక ఒప్పుకోకపోతే ముద్ర లేదు. ఆ పద్ధతి నా భార్య వాళ్లకు మూడేళ్లు అలవాటు చేసింది.

తిరుగుదారిలో అమ్మాయిని ఇంటి దగ్గర దింపాను. నేను సంగారెడ్డిలో దిగి నేరుగా డీటీపీ సెంటర్‌కు పోయాను. ఆదివారమైనా తెరిచే ఉంది. కాగితం ముందు పెట్టి, ఇదేంది అని అడిగాను.

"తప్పులు దిద్దిన సార్. మస్తు తప్పులున్నయ్ దాంట్ల. పైసలు ఎక్కువ తీస్కోలే, నా తరఫున చేసిన."

"బాయి అంటె ఎవరు?"

"ఎవరో ఆడామె గద సార్. పాపం, సచ్చింది అని ఊకె రాసిండ్రు, మర్యాదగ ఉండదని గారు పెట్టిన."

"మీ ఊళ్లె నీళ్లు దేంట్లకెల్లి చేదుకుంటరు?"

"బాయిలకెల్లి" అన్నాడు వెంటనే. అని ఆగిపోయాడు. కాగితం దగ్గరికి తీసుకొని చూశాడు. ముఖం మారింది. కానీ ఓడిపోవడం ఇష్టం లేక, "అది మాట్లాడేటప్పుడు గద సార్" అన్నాడు. "రాసేటప్పుడు బావి అని రాస్తరు. రాతల బాయి అని కనవడితె అది మనిషి పేరే అయితదని అనుకున్న. నీళ్లదైతె బావి అని రాయరా?"

నేను అప్పుడు అరిచాను. నా జీవితంలో అట్లా అరిచిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఏం అరిచానో సరిగ్గా గుర్తులేదు. నువ్వు పుట్టిన నాటినుంచి తాగిన నీళ్లు దేంట్లవి అని అడిగినట్టు గుర్తు. అతను బెదిరిపోయి, "ఆఫీసోళ్లు నవ్వుతరని సార్. మన మాట అట్లనే రాస్తె చదువురానోళ్లు అనుకుంటరని" అన్నాడు.

రోడ్డు మీదికి వచ్చాక కోపం అతని మీద నిలవలేదు. అతను చెప్పిన దాంట్లో తర్కం ఉంది. అదే నా ఒంట్లో మంట పెట్టింది. బడిలో పదేళ్లు కూర్చోబెట్టి, నోట్లో ఉన్నది కాగితం మీదికి రాకూడదని అతనికి నేర్పారు. అతను బాగా నేర్చుకున్నాడు. కాగితం మీద తన ఊరి బాయి కనబడితే గుర్తుపట్టలేనంత బాగా. నేనూ అక్కడే నేర్చుకున్నాను. ఎర్ర పెన్ను పట్టింది నేనే. ఇప్పుడు ఇది రాస్తున్నది కూడా వచ్చాను, పోయాను అని బడి నేర్పిన తెలుగులోనే. మా ఇంట్లో ఎవరూ అట్లా మాట్లాడరు. ఈ వయసులో నా చెయ్యి ఇంకోరకంగా తిరగడం లేదు.

ఆ కన్నీటి సంగతి వేరు. దానికి బడిని కూడా క్షమించలేను. కోపంగా ఉన్న మనుషుల చేత ఏడిపించడం, తిట్టినవాళ్ల చేత దండం పెట్టించడం, దానికి మర్యాద అని పేరు పెట్టడం. తెలుగు రాతలో సొగసు పేరు మీద జరిగేది చాలావరకు ఇదే అని నాకు అప్పటినుంచి అనిపిస్తోంది.

ఆ వారం మెకానిక్ ఎక్స్‌పీ సీడీ పట్టుకొని వచ్చాడు. వద్దన్నాను.

"98కి ఇగ ఎవ్వరు సపోర్ట్ ఇయ్యరు సార్. ఖరాబైతె నన్ను పిలవొద్దు మరి."

"పిలువ."

మా అమ్మాయి గదిలోంచి అంతా విని, అతను పోయాక వచ్చింది. "నీ కోపం ఎవరి మీద డాడీ? డీటీపీ ఆయన మీదనా, ఎక్స్‌పీ మీదనా?"

"అందరి మీద."

"ఎక్స్‌పీ ఏం పాపం చేసింది?" అంది. నవ్వుతూనే అంది కానీ కళ్లలో నీళ్లున్నాయి. ఆ ఏడాదంతా ఆమె కాలేజీ ల్యాబ్ మూసేదాకా ఉండి, నిండిపోయిన బస్సుల్లో నిలబడి ఇంటికి వచ్చేది. నా నిర్ణయం బరువు ఆమె మోసింది. అది న్యాయం అని నేను అనను. అయినా ఆ నిర్ణయం తప్పని కూడా ఈరోజుకూ అనుకోను.

పాత ప్రింటర్ మీద అన్నీ మళ్లీ తీశాం. ఒక్కో కాగితానికి కొన్ని నిమిషాలు పట్టేది, ఇల్లంతా చప్పుడు. ఈసారి ప్రతి కాగితమూ చదివాను. అత్తమ్మది ఇట్లా మొదలవుతుంది.

"మా బాయి సచ్చి మూడేండ్లాయె. నీళ్లున్నయ్. నీళ్లుండంగనే సచ్చింది. బర్రె మూతి పెట్టి తల తిప్పుకున్నది. దానికున్నపాటి తెలివి మాకు లేకపాయె, మేము ఇంకొక నెల తాగినం."

ఆ తర్వాత తిట్లు. ఒక్క తిట్టు కూడా వదలలేదు నా భార్య.

మరుసటి ఆదివారం ఊళ్లో మళ్లీ చదివాం. ఒక్కొక్కరూ విని, ముద్ర వేశారు. తిట్లు వచ్చినచోట ముసలాయన తొడ మీద చరుచుకొని, "ఇదీ మా చెల్లె" అన్నాడు. అత్తమ్మ అంతా విని, ముద్ర వేయకుండా ఆగింది.

"కింద జాగ ఉన్నది గద. నా బిడ్డ అడుగుత అన్నది. అడిగెటందుకు లేకపాయె. నువ్వు రాయి."

"చెప్పు అత్తమ్మా."

ఆమె చెప్పింది. నేను నోటుబుక్కులో రాసుకున్నాను. చేత్తో కాగితం మీదే రాసేస్తానంటే ఒప్పుకోలేదు, "నా బిడ్డ గొట్టినట్టు మిషన్ల కొట్టుకరా" అంది.

ఇంటికొచ్చి నా భార్య కుర్చీలో కూర్చున్నాను. ఫైలు తెరిచాను. కీల మీద ఇంగ్లీషు అక్షరాలు, ఏ కీ నొక్కితే ఏ తెలుగు అక్షరం వస్తుందో నాకు తెలియదు. ఆమె వేళ్లకు తెలుసు. ఒక్కొక్క కీ నొక్కి చూస్తూ, ఏది ఏదో కాగితం మీద గీసుకుంటూ పోయాను. బ దొరకడానికి చాలాసేపు పట్టింది. మూడో వాక్యంలో నా చెయ్యి తనకు తానే "మూత వేయించాను" అని కొట్టింది. చూసి చెరిపేశాను. నాలుగు చిన్న వాక్యాలకు ఒక పూట పోయింది. ప్రింట్ తీశాను.

అధికారులు ఆ కాగితాలు తీసుకున్నారు. చదివారో లేదో నాకు తెలియదు. చదివితే దాని మీద ఏం చేశారో మాకు ఎవరూ చెప్పలేదు. నాలుగుసార్లు అడిగాను, నాలుగుసార్లూ పైకి పంపించాం అన్నారు.

అంతకుముందు, వాళ్లు వచ్చిన రోజు పొద్దున్నే, సెలవు పెట్టి ఊరికి పోయాను. అత్తమ్మ అరుగు మీద కూర్చొని ఉంది. నిలబడే చదివాను.

"మొన్న వానకాలంల బాయి నిండింది. నిండితె సంబురం గావాలె గద. పోరగాండ్లు తొంగి సూస్తున్నరని మూత ఏపిచ్చిన. ఇగ దానిదిక్కు సూడ."

ఆమె పెదవులు కదుపుతూ విన్నది. ఇంకోసారి చదవమంది. చదివాను.

"ఆ, గిదే" అంది. "ముద్ర ఏడెయ్యాలె?"